వేడి బానెట్ మీద మేస్త్రి గారి అరచెయ్యి

మా వీధి మెకానిక్ మేస్త్రి గారు మొన్న మంగళవారం పోయారు. ఈ వార్త ఏ పత్రికలోనూ పడలేదు. పోర్టులో ఏ ఓడా ఆయన కోసం ఒక్క నిమిషం ఆగలేదు. టాక్సీ స్టాండులో మాత్రం డ్రైవర్లు ఇంజన్లు ఆపి కాసేపు నిలబడ్డారట. మా అక్క భర్త, అంటే మా బావ, వచ్చి చెప్పాడు: "ఒరే, మేస్త్రి ఎల్లిపోనాడ్రా. ఇంక బండికి రోగమొస్తే ఎవడికి సూపిత్తాం?" ఇంత సూటి సంతాప సందేశం నాకు చేతకాదు. అయినా మెకానికల్ ఇంజనీరింగు చదివినవాణ్ణి కనుక, ఆ చదువులో ఆయన నన్ను ఎన్నిసార్లు ఫెయిల్ చేశారో పాఠకులకు విన్నవించుకోవడం నా ధర్మం.

పోర్టు వర్క్‌షాపులో రిటైరయ్యాక ఆయన ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకున్నారు. చేతులకు కిరసనాయిలు, తర్వాత రంపపు పొట్టు, ఆ తర్వాత సబ్బు; ఈ మూడూ అయ్యాకే టీ. టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా కారు తెచ్చినవాడు నోరు విప్పకూడదు. "ముందు బండిని సెప్పనీ, తర్వాత నువ్వు సెబుదువుగాని" అనేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవారు. ఆ సమయంలో దగ్గినవాడికి ఆ రోజు వైద్యం లేదు.

ఆయన షెడ్డులో ఒక నియమం ఉండేది. వేడిగా వచ్చిన బండి గురించి ఏమీ చెప్పరు. రాత్రికి వదిలి వెళ్ళాలి. మర్నాడు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఆయనే స్టార్ట్ చేస్తారు. "ఏడి మీదున్న ఇంజను అబద్దమాడతాది బాబూ" అనేవారు. ఇది మా ప్రొఫెసర్లు చెప్పలేదు కాబట్టి నేను నమ్మలేదు.

బావ దగ్గర ఒక పాత గుండ్రటి టాక్సీ ఉండేది. దాని మీటరు చివరిదాకా తిరిగి, మళ్ళీ సున్నా నుంచి మొదలై, రెండో జన్మలో కూడా నడివయసుకొచ్చింది. రెండేళ్ళ కిందట దాని ఇంజనులో పొద్దున్నపూట ఏదో గలగల మొదలైంది. నేను పుస్తకం తిరగేసి అది వాల్వుల దగ్గరుండే టాపెట్ల శబ్దమని తీర్పు చెప్పాను. మేస్త్రి గారు విని, "టైమింగ్ చైను సాగింది, టెన్షనరు అరిగింది. రెండూ మార్చు అల్లుడూ" అన్నారు.

ఇంజను ముందు భాగంలో, రేకు మూత వెనక, సైకిలు గొలుసులాంటిది ఒకటి తిరుగుతుంటుంది. పెట్రోలు లోపలికి రావడానికీ పొగ బయటికి పోవడానికీ ఉన్న తలుపులు సరైన క్షణంలో తెరుచుకునేది దాని వల్లే. అది వదులు కాకుండా పక్కనుంచి నొక్కిపట్టే రబ్బరు దిమ్మే టెన్షనరు. ఇంజను తిరిగి ఆయిలు ఎక్కాక ఆ దిమ్మ బిగుసుకుని శబ్దం మాయమవుతుంది. అందుకే బావ, "ఆగిపోతంది కదా" అని వాయిదా వేశాడు.

ఇంతలో దువ్వాడ వైపు కడుతున్న ఉక్కు కర్మాగారంలో బావకు డ్రైవరు ఉద్యోగం దొరికింది. టాక్సీ అమ్మాలి. యారాడ నుంచి ఒకాయన కొంటానన్నాడు. భుజం పట్టేసి వల లాగలేక, పడవలో తన వాటా అమ్మేసి, టాక్సీ తోలుకుందామనుకున్న మనిషి. అప్పుడు నా విద్య పనికొచ్చింది. "బావా, ఆయన వచ్చేలోగా అరగంట తిప్పి తెచ్చి పెట్టు. వేడెక్కితే శబ్దమే రాదు" అన్నాను.

బావ బండి తిప్పి తెచ్చి పెట్టగానే, పొద్దున్న ఆరున్నరకే యారాడ ఆయన వచ్చాడు. పక్కన మేస్త్రి గారు! నమ్మకమైన మనిషెవరని అడిగితే ఊరంతా ఈయన్నే చూపించిందట. బావ నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను. మా వీధిలోంచి సముద్రం కనబడదు.

మేస్త్రి గారు బానెట్ మీద అరచెయ్యి వేశారు.

"అల్లుడూ, పొద్దున్నే ఎక్కడికెళ్ళొచ్చినావ్?"

"ఎక్కడికీ ఎల్లలేదు మేస్త్రీ."

"మరి బండికి జొరమొచ్చిందేటి?"

"ఎండ వేడండీ" అన్నాను నేను.

"ఆరున్నరకి ఎండా! మీ కాలేజీలో సూరీడు ముందే లేత్తాడేటి ఇంజినీరు బాబూ?"

మమ్మల్ని ఆ కొత్త మనిషి ముందు పట్టివ్వలేదు. తాళం తన జేబులో వేసుకుని, "తమ్ముడూ, రేపొద్దున్న సూద్దాం" అని ఆయన్ని తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు చల్లటి ఇంజను స్టార్టయింది. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు మూడు క్షణాలు మోత. తర్వాత మోత మాయమై, ఇంజను మామూలుగా తిరిగింది.

"ఆగిపోనాది కదా మేస్త్రీ" అన్నాడు యారాడ ఆయన ఆశగా.

"ఆగలేదు తమ్ముడూ, దాక్కుంది. ఓ రోజు కొండెక్కుతుంటే గొలుసు సక్రం పన్ను దాటేత్తది. బండి అక్కడే నిలబడిపోద్ది. ఎనకాల సీట్లో మనుసులుంటారు."

ఆయన మొహం వాడిపోయింది. "వాటా అమ్మేసినాను. ఇప్పుడు పడవా లేదు, బండీ లేదు. నానేటి సెయ్యాల?"

బావకు కోపం ముంచుకొచ్చింది. "మా వీధోడివి, మా ఇంట్లో కాఫీ తాగుతావు. ఓ ముక్క దాత్తే నీ సొమ్మేటి పోద్ది?"

"కాఫీ తాగినాను, బాగుంది" అన్నారు మేస్త్రి గారు. "అందుకే సెబుతన్నాను. సామాను నువ్వు తే. పని నాను ఊరికే సేత్తాను. ఆ తర్వాత అమ్ము."

బావ గొణుక్కుంటూనే వెళ్ళి తెచ్చాడు. రేకు మూత విప్పాక, మేస్త్రి గారు కొత్త గొలుసును ఒక కొసన పట్టుకుని పక్కవాటుగా అడ్డంగా చాపారు. కర్రలా నిలబడింది. పాతదాన్ని అలాగే పట్టుకుంటే తడి తువ్వాలులా కిందికి వాలింది. రబ్బరు దిమ్మ మీద గొలుసు కొరికిన రెండు గాట్లు వేలి గోరు దిగేంత లోతున్నాయి. "కొత్త గొలుసు వేస్తున్నాం కదండీ, దిమ్మ పాతదే ఉంచితే?" అని నేను నా పరిజ్ఞానాన్ని మరోసారి ప్రదర్శించాను. ఆయన ఆ దిమ్మను నా చేతిలో పెట్టి, "దీని మీద నీ బరువేసి కూకుంటావేటి?" అన్నారు. కూర్చోనన్నాను. ఆ ఒక్క ప్రశ్నకే నేను సరైన జవాబిచ్చాను.

మూడోనాడు పొద్దున్న యారాడ ఆయనే తాళం తిప్పాడు. గలగల లేదు. ఆయన నమ్మక ఆపి మళ్ళీ తిప్పాడు. లేదు. బావకు సొమ్ము లెక్కపెట్టి ఇచ్చి, మేస్త్రి గారి చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుని, బండి ఎక్కి సాగిపోయాడు.

బండి మలుపు తిరిగింది. బావ ఏదో అనబోతే మేస్త్రి గారు చెయ్యెత్తి ఆపారు. "ఉండండెహె. ఇంకా ఇనబడతంది" అన్నారు. నాకైతే కాకుల అరుపు తప్ప ఏమీ వినబడలేదు. ఆయన మాత్రం నడివీధిలో, మసి చెయ్యి గాల్లో అలాగే ఉంచి, తల కాస్త వంచి, ఆ బండి కొండ దారి పట్టేదాకా వింటూనే నిలబడ్డారు.