టైరు ఇప్పే ముందు

పాలమూరుల మేము కిరాయికున్న ఇంటి ఓనరు, దసరా వస్తుందంటే చాలు, కారు టైర్లు ఇప్పి కడుగుతుండె. బోల్టులు పళ్లెంల ఏసి, పళ్లు తోమే పాత బ్రష్‌తోని సందులల్ల మట్టంత తీస్తుండె. ఒక టైరు బిగించినంకనే ఇంకోటి ముట్టుకునేటోడు. ఇప్పేముందు మాత్రం ప్రతిసారి వంటింటి దిక్కు తిరిగి పెండ్లాన్ని అడుగుతుండె.

“ఏమే, పానం మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్నది, ఇప్పుకో.”

నాకు నవ్వొస్తుండె. ఒకసారి ఆమెనే చెప్పింది.

“ఎనుకట నాలుగు టైర్లు ఒక్కసారే ఇప్పి బండిని రాళ్లమీద కూసోవెట్టిండు. గప్పుడే నాకు గుండెల నొప్పి లేసింది. ఆటో దొరికేదాంక నన్ను పట్టుకొని రోడ్డుమీద నిలబడ్డడు. గప్పటిసంది గిదే కథ.”

పోయిన దసరాకు ఆమె అచ్చంపేటల చెల్లె ఇంటికాడ ఉన్నది. ఆయన స్పానరు పట్టుకొని, అలవాటుగ వంటింటి దిక్కు తిరిగిండు. స్పానరు కింద పెట్టి ఆమెకు ఫోన్ చేసిండు.

“పానం మంచిగున్నదా?”

స్పీకర్ల ఆమె గొంతు మెట్లమీదున్న నాకు గూడ ఇనొచ్చింది. “నాకేమన్నయితే ఆ బండి గంత దూరంకెల్లి గిక్కడికి ఎప్పుడొస్తదయ్యా?”

“గదంత కాదు. మంచిగున్నదా, లేదా?”

“ఉన్నది” అని ఆమె అన్నంకనే మొదటి బోల్టు ఇప్పిండు.