గేటు దగ్గర ఆపే సూది

నా భార్యకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి కాలేయానికి పాకిన ఏడాది మా ఇంట్లో గొడవంతా ఒక్క సూది గురించే. బూదికోటలో మామిడితోట చూసుకునే ఆమె తమ్ముడు వచ్చినప్పుడల్లా అదే మాట ఎత్తేవాడు.

“మా పక్కింటి ఆయమ్మకీ ఇదే రోగం కదా బావా. ఆ సూది వేసినారు. ఇప్పుడు చూడు, ఆవుల్ని పిండుకుంటా, కోడల్ని తిట్టుకుంటా బాగుండాది. అక్కకి ఎందుకు వేయరు?”

ఎందుకు వేయరో బెంగళూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ నాకు బొమ్మ గీసి చెప్పింది. ఇంటికి తిరిగొచ్చే మారికుప్పం రైలుబండిలో కూర్చోగానే, అలవాటు ప్రకారం, ఆమె చెప్పింది చెప్పినట్టు డైరీలో రాసుకున్నాను.

కణం లోపల రాస్ అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది. పెరగమని కణాన్ని తొందరపెట్టేవాటిలో అదొకటి. జీడీపీ అనే శక్తి అయిపోయిన అణువు దాని పిడికిట్లో ఉన్నంతసేపు అది ఊరకే ఉంటుంది. ఆ పిడికిలి తనంతట తాను విప్పుకోవడం దానికి దాదాపు చేతకాదు. కణం బయటి నుంచి కబురు వచ్చినప్పుడు మార్పిడి ప్రోటీన్ ఒకటి వచ్చి పట్టు సడలిస్తుంది. పాతది జారిపోతుంది. కణంలో జీటీపీ అనే తాజా అణువులే ఎక్కువ కాబట్టి ఆ ఖాళీలో వాటిలో ఒకటి వచ్చి కూర్చుంటుంది. రాస్ పనిలోకి దిగుతుంది. తర్వాత ఇంకో ప్రోటీన్ సాయంతో ఆ జీటీపీని తెంచి మళ్ళీ జీడీపీగా మార్చుకుని ఆగిపోతుంది.

మా ఊరి బంగారు గనులు మూసేదాకా నేను చేసింది దాదాపు అదే పని. లాంపు రూములో ఆరిపోయిన టోపీ దీపాలు విప్పించుకునేవాణ్ణి. చట్రాల నిండా ఛార్జి ఎక్కినవి ఉండేవి, ఎవరిది వాళ్ళు తగిలించుకుని గనిలోకి దిగేవారు.

ఆ సూది బయటి కబురును కణం గేటు దగ్గరే ఆపుతుంది. మార్పిడి ప్రోటీన్‌కు పిలుపు అందదు. రాస్ బాగున్నవాళ్ళకు అది పనిచేస్తుంది. కానీ నా భార్య గడ్డలో రాస్ చెడిపోయిందని పరీక్షలో తేలింది. జీటీపీని తెంచడం దానికి చేతకాదు, కాబట్టి ఆగదు. పిలుపు రాకపోయినా దానికి లెక్కలేదు.

ఇంటికొచ్చి ఆమెకు చెప్పాను. “దీపం ఆరితేనే కదా మనిషి మా కౌంటరుకు వచ్చేది. నీ లోపల ఉండేది ఆరదు. ఇంగ కౌంటరు మూసి ఏం లాభం?”

ఆమె నవ్వింది. “గనులు మూసి ఇన్నేండ్లయినా నువ్వు ఆ రూములోంచి బయటికి రాలేదే! ఆరని దీపం నాకే దొరికిందా?”

ఆమె తమ్ముడు మాత్రం నవ్వలేదు. “ఆ పొద్దు గనులు మూస్తా ఉంటే అందరూ అరిచినారు, నువ్వు రూల్సు చెప్తా కూర్చున్నావు. ఇప్పుడు మా అక్క దగ్గరా రూల్సేనా?” అని, పెట్టిన కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళాక ఆమె అంది. “నాకు అర్థమయింది. పనిచేయదు. అయినా వేయించు.”

“పనిచేయదని తెలిసీ ఎందుకే?”

“వాడు నీ మాట నమ్మడు. నాకూ, ఏదో ఒకటి చేస్తా ఉండామని ఉండాల కదప్పా.”

నేనొక్కణ్ణే బెంగళూరు వెళ్ళి అడిగాను. డాక్టరమ్మ కోప్పడలేదు. “కీమోకే తట్టుకోలేకపోతున్నారు. పనిచేయని మందిచ్చి ఒళ్ళంతా పొక్కులు తెప్పించమంటారా?” అంది. న్యాయమైన మాట. తిరిగొచ్చి అదే చెప్పాను. ఆమె “సరే” అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత డాక్టరమ్మ ఏమన్నదని నన్నెప్పుడూ అడగలేదు.

ఆమెను సమాధి చేసిన రోజు, అందరూ వెళ్ళిపోయాక ఆమె తమ్ముడు నా దగ్గరకు వచ్చాడు.

“‘సూది వేయించమని మీ బావను అడిగినా’ అని అక్క నాకు చెప్పింది. పనిచేయదనే అనుకో బావా. ఒక్కటి వేయించుంటే, అడిగింది ఇచ్చినామని ఉండేది కదా?”

పొక్కుల సంగతి చెప్పబోయాను. వాడు వినకుండా, చేతుల మట్టి దులుపుకుంటూ బస్సుకు వెళ్ళిపోయాడు. ఇప్పటికీ మా ఇంటికి రాడు.