టెక్కలిలో చెప్పిన పాపం

నాకు నోటి దురుసు. ఆ సంగతి మా ఫాదర్‌గారికి నాకంటే బాగా తెలుసు. అందుకే ఈస్టరు ముందటి ఆ తపస్సుకాలంలో, పాపాలు ఫాదర్ చెవిన వేసి ఒప్పుకునే పాపసంకీర్తనానికి పలాసలో మా గుడికి వెళ్లకుండా టెక్కలి బస్సెక్కాను. అక్కడి ఫాదర్‌గారికి నా గొంతు తెలియదు. దేవుడికి తెలుసు కదా అంటారేమో. దేవుడు మర్నాడు వీధిలో ఎదురుపడి "ఏమ్మా, బాగున్నావా?" అని అడగడు కదా!

జరిగింది ఇది. జీడి ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే పని మాది. నా పక్కన ఉద్దానంలో ఒక ఊరి నుంచి వచ్చే ఒకామె కూర్చునేది. చెయ్యి మహా చురుకు. మేస్త్రీ ఆమెను ఫ్యాను కిందికి మార్చాడు. ఆ చోటు మీద నా కన్ను ఏడాదిగా ఉంది. ఒళ్లు మండిపోయింది. ఆ వారమే పప్పు తగ్గిందని గోల మొదలైంది.

"సెంగులో ఏటో ముడేసుకుంది. పప్పే. నాను కళ్లారా సూసినాను," అనేశాను, షెడ్డులో అందరూ వింటుండగా.

ముడి చూసిన మాట నిజం. అందులో ఏముందో చూడలేదు. మర్నాటి నుంచి ఆమెను పనిలోకి రావద్దన్నారు. ఫ్యాను కింది చోటు నాకిచ్చారు.

ఇక చూడండి నా అవస్థ! జపమాల పట్టుకుంటే ఏ పూస దగ్గరున్నానో మరిచిపోయేదాన్ని. ఆదివారం పూజలో అందరూ దివ్యసత్ప్రసాదం అందుకోవడానికి లేస్తే, పాపం మోస్తూ దాన్ని తీసుకోకూడదు కనుక నేను చెప్పులు వెతుక్కునేదానిలా బయటికి పోయేదాన్ని. అన్నం మాడ్చి పిల్లల మీద అరిచేదాన్ని.

టెక్కలిలో మోకరించి "అబద్ధమాడాను ఫాదర్" అని ఊరుకున్నాను. "ఎవరి మీద?" అన్నారాయన. అడక్కపోతే ఏం పోయింది! మొత్తం చెప్పేశాను. ఆయన తిట్టలేదు.

"నాకు చెప్పావు. ఆమెకు చెప్పావా? పోగొట్టిన పేరు తిరిగి ఇచ్చి రా తల్లీ."

మర్నాడే ఆమె ఊరు వెళ్లాను. కొబ్బరితోట పక్కనే ఇల్లు. వసారాలో మంచం మీద ఆమె భర్త, కాళ్లు వాచి ఉన్నాడు. కిడ్నీల జబ్బట. ఆమె హిందువు, పాపసంకీర్తనమంటే ఏమిటో తెలియదు. నన్ను చూసి లేవలేదు. గూట్లో మందుబిళ్లలు చూపించింది.

"ఆ ముడిలో ఉన్నవియ్యే. మద్దేనం బజారుకెల్లి కొన్నాను."

సిగ్గుతో చచ్చిపోయాను. "నాదే తప్పు వదినా, మన్నించు," అని ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"ఇక్కడ ఇనీవోలు ఎవులున్నారు? నన్ను దొంగన్నది అందరి ముందట. అక్కడ సెప్పగలవేటి?"

ఇంత నోరున్నదాన్ని, తలకాయ వంచుకుని బస్సెక్కాను. చెబితే నా పనీ పోవచ్చు. దారి పొడుగునా సాకులు వెతికాను. ఒక్కటీ నిలవలేదు.

సోమవారం పని మొదలైంది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. లేచి సిలువ గుర్తు వేసుకున్నాను. ఆ చప్పుడులో మాట వినపడదని స్విచ్చి ఆపేశాను. అందరూ తలలెత్తారు.

"ఎవలే ఫ్యానాపీసినారు?" అని ఎవరో అరిచారు.

"నానే," అన్నాను. "ఆ ముడిలో ఏటుందో నాను సూడనేదు."