రెండు తూటాలకే రీలోడ్

మా బావ దర్జీ. ఆదివారం పోటీకి మా జట్టులో చోటు కావాలని నెల రోజులుగా కంప్యూటర్‌లో తుపాకుల ఆట ఆడుతున్నాడు. ఓడిన ప్రతిసారీ నెట్ స్లో అంటాడు. వినీ వినీ ఒళ్లు మండి, అతను చచ్చిన ఆటల రికార్డింగులన్నీ ముందు పెట్టాను. ప్రతిసారీ రెండు తూటాలు పేల్చి, శత్రువు ఎదురుగా ఉండగానే తుపాకీ నింపుకుంటున్నాడు.

"ఛీ! ఇంకా ఇరవై ఎనిమిది ఉన్నాయి కదా బావా, ఎందుకు నింపుతావ్?"

"బాబిన్‌లో దారం తగ్గితే ఊరుకుంటామేంట్రా? కుట్టు మధ్యలో అయిపోతే?"

"వాడొచ్చింది జాకెట్ కొలతలివ్వడానికి కాదు!"

లోపల అక్క పకపకా నవ్వింది. బావ ఉక్రోషంగా మళ్లీ ఆడాడు. మూడో తూటాకే వేలు తుపాకీ నింపే రీలోడ్ బటన్ మీదికి పాకింది, చచ్చాడు. నాకు రోత పుట్టింది.

"ఆదివారం చూడ్డానికి రా బావా, ఆడ్డానికొద్దు" అన్నాను.