గాలికి లస్కరు రాజ్యలక్ష్మి గారు

శ్రావణమాసంలో మా వంటింట్లో మట్టిదాకలో పులస పులుసు మరుగుతున్నప్పుడు, చింతపండూ ఆవకాయ నూనే కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగిలితే నాకు రాజ్యలక్ష్మి గారు గుర్తొస్తారు. ఆవిడ జన్మలో చేప ముట్టి ఎరుగరు. అయినా ఆ వాసన వస్తే నా మనసు ఆవిడ దగ్గరికే పోతుంది.

తొంభైల చివర్లో నేను ఉద్యోగంలో చేరేనాటికి మా వైర్‌లెస్ పర్యవేక్షణ కార్యాలయానికి ఆవిడే పెద్ద. ఏ ఫ్రీక్వెన్సీలో ఎవరు మాట్లాడుకోవాలో ప్రభుత్వం లైసెన్సులిస్తుంది. పోలీసులకొకటి, ఫైరింజన్లకొకటి, వరదల్లో తిరిగే పడవలకొకటి. ఒకరి దాంట్లోకి ఇంకొకరు చొరబడకుండా చూడడం మా పని. ఆ సంగతి నాకు బోధపరచడానికి ఆవిడ నిబంధనల పుస్తకం తెరవలేదు. తణుకు దగ్గర రైతు కుటుంబంలో పుట్టిన మనిషి కాబట్టి కాలువల భాషలో చెప్పారు. నీళ్లకు వంతులున్నట్టే గాలికీ ఉంటాయట. ఒకరి వంతులో ఇంకొకరు తూము ఎత్తితే శివారు చేను ఎండిపోతుందట. “మనం గాలికి లస్కర్లం అమ్మాయ్. కాలువ మీద తూములు చూసే లస్కరు సరైనవాడైతే శివారు చేనుక్కూడా నీరందుతుంది” అనేవారు. జడలో కనకాంబరాలు నలగకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం ఆవిడకే చేతనయ్యేది. ఆవిడ నవ్వితే పక్కగదిలో గుమాస్తాలు కూడా కారణం తెలియకుండానే నవ్వేవారు.

ఒక ఏడు గోదావరికి వరదొచ్చింది. లంకల్లోని జనాన్ని ఒడ్డుకు చేరుస్తున్న పడవల మాటలు కంట్రోల్ రూముకు సరిగా వినబడడం లేదని ఫిర్యాదు అందింది. మధ్యలో ఎవరో పెద్దావిడ గొంతు అడ్డొస్తోందట. ఆవిడ ఎవరికో పులస పులుసు ఎలా పెట్టాలో చెబుతోందట. మేము వెంటనే యాంటెన్నా ఉన్న వ్యానులో బయల్దేరాం. పెనుగొండ దగ్గర ఆగి, ఆ గొంతు ఏ దిక్కునుంచి గట్టిగా వస్తోందో చూసి మ్యాపు మీద గీత గీశాం. భీమవరం దాటాక ఇంకో గీత. రెండు గీతలూ మొగల్తూరు దారిలో ఒక ఊరి మీద కలిశాయి. ఆ ఊళ్లో కొబ్బరిచెట్ల కంటే ఎత్తుగా ఒక డాబా మీద ఇనుప గొట్టం, దాని కొసన యాంటెన్నా కనబడ్డాయి.

ఆ ఇంటాయన రొయ్యల చెరువులున్న రాజు గారు. సెల్‌ఫోన్లు ఇంకా ఆ ఊరికి రాలేదు. చెరువు దగ్గర కరెంటు పోయి నీళ్లలోకి గాలి కొట్టే మరలు ఆగితే, కబురు అందేలోపు రొయ్యలు చచ్చి తేలిపోతాయి. అందుకని మైళ్ల దూరం పలికే కార్డ్‌లెస్ ఫోను ఎవరిచేతో తెప్పించుకున్నారు. దానికి లైసెన్సు కావాలని ఆయనకు తెలియదు. మేము వెళ్లేసరికి ఆయన తల్లి లోపల ఫోనులోనే ఉన్నారు. చెరువు మీద కాపలా మనిషికి వంట చెబుతున్నారు. మా జట్టులో అందరం సామాను జప్తు చేయడానికి సిద్ధంగా ఉన్నాం. రాజ్యలక్ష్మి గారు మాత్రం రాజు గారిని వ్యాను దగ్గరికి పిలిచి, తన హెడ్‌ఫోన్లు ఆయన చేతికిచ్చారు.

“వినండి రాజు గారూ. మీ అమ్మగారి మాట వెనకాల ఎవరున్నారో చూడండి.”

ఆయన మొదట నవ్వుతూనే విన్నారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. బెండకాయలు ఎప్పుడు వేయాలో చెబుతున్న తల్లి గొంతు అడుగున, సన్నగా, ఒక మగమనిషి అదే మాట మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. రాజు గారు హెడ్‌ఫోన్లు తీసేసి ఇంట్లోకి పరుగెత్తారు. “అమ్మా, పెట్టెయ్యమ్మా, ఎవరో పిలుస్తున్నారు” అనడం మాకు వీధిలోకి వినిపించింది.

ఫోను ఆగింది. మేము వ్యానులో స్పీకరు పెట్టాం. గాలి తేటపడింది. పడవలో నొప్పులు పడుతున్న మనిషి ఉంది, రేవు దగ్గరికి డాక్టరు కావాలి, అంటోంది ఆ మగగొంతు. ఈసారి కంట్రోల్ రూము జవాబిచ్చింది. రాజు గారూ బయటికొచ్చారు, అందరం వ్యాను చుట్టూ నిలబడిపోయాం. పడవ రేవు చేరిందనీ, డాక్టరొచ్చిందనీ, ఆడపిల్ల పుట్టిందనీ, ఇద్దరూ క్షేమమనీ ఒక్కొక్కటే వింటున్నాం. ఆ చివరి మాట విన్నాక రాజు గారు అరుగు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నారు.

రాజ్యలక్ష్మి గారు చట్టం ప్రకారం ఆ ఫోను తీసుకున్నారు, కాగితం రాశారు. ఆ రోజు వాళ్లింట్లో మంచినీళ్లు తప్ప కాఫీ కూడా పుచ్చుకోలేదు. కానీ అక్కడే కూర్చుని, చెరువులకు పనికొచ్చే వాకీటాకీలకు ఎలా దరఖాస్తు చేయాలో ఆయనకు ఓపికగా చెప్పారు. “మీ అవసరం తప్పు కాదండి. వంతు అడిగి తీసుకోవాలి, అంతే” అన్నారు. ఆయన “ఆయ్, అలాగేనండి” అని తల ఊపారు.

లైసెన్సు వచ్చి, కేసు ముగిశాక, ఆ పెద్దావిడ మమ్మల్ని పట్టుబట్టి భోజనానికి పిలిపించారు. మాకు పులస, రాజ్యలక్ష్మి గారికి పనసపొట్టు కూర. వడ్డిస్తూ ఆవిడ, “నా పులుసు గవర్నమెంటంతా విందటగా” అని సిగ్గుపడ్డారు. “విని ఊరుకోలేదండి, కంట్రోల్ రూములో ఇద్దరు ఇళ్లకెళ్లి వండించుకున్నారు కూడా” అన్నారు రాజ్యలక్ష్మి గారు. ఆ పంక్తిలో లేచిన నవ్వుకు విస్తరిలో అన్నం చల్లారిపోయింది.

ఆవిడ రిటైరై చాలా కాలమైంది. ఇప్పుడు నేనా కుర్చీలో ఉన్నాను. గాలిలో ఇప్పుడు మాటల కంటే బొమ్మలే ఎక్కువ ప్రయాణిస్తున్నాయి, వంతుల కోసం పెద్ద పెద్ద కంపెనీలు పోటీ పడుతున్నాయి. నాకు మాత్రం ఆవిడ దగ్గర అబ్బిన అలవాటు ఒకటి పోలేదు. ఆఫీసులోనైనా, ఇంట్లో పిల్లలతోనైనా, గొంతు ఎత్తబోయే ముందు ఒక్క క్షణం ఆగుతాను. నా మాట కింద ఇంకెవరైనా పిలుస్తున్నారేమోనని వింటాను.