ఫోనులో దాచుకున్న గుండె చప్పుడు

ఆ రోజు పొద్దున టీ తాగాక కూడా బిడ్డ కదల్లేదు. నాకు తొమ్మిదో నెల నడుస్తోంది. రోజూ నేను టీ గ్లాసు కింద పెట్టేసరికి కుడిపక్కన ఒక తన్ను తన్నేది. ఆ వేళ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూశాను. ఎప్పుడో ఒకసారి మెల్లగా జరిగినట్టనిపించింది, అంతే.

మాది చాట్రాయి దగ్గర ఊరు. మా ఆయన తోటల్లో గెడకి వల కట్టిన చిక్కంతో మామిడికాయలు దింపుతాడు. నేను షెడ్డులో కూర్చుని కాయలకి అంటిన సొన తుడిచి, మచ్చలున్నవి ఏరి పక్కన పెడతాను. సీజను రెండు నెలలే. ఆ రెండు నెలలూ జ్వరం వచ్చినా మా ఊళ్ళో ఎవరూ మంచమెక్కరు. కూర్చుని చేసే పనే కదా అని నేనూ మానలేదు.

అంతకు మూడు వారాల ముందు నూజివీడులో చెకప్‌కి వెళ్ళినప్పుడు సిస్టర్ పొట్ట మీద డాప్లర్ పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. టకటకా టకటకా, ఎంత వేగమో! "నూట నలభై రెండు. బ్రహ్మాండంగా ఉంది" అంది. మా ఆయన ఫోను తీసి నలభై సెకన్లు రికార్డు చేసుకున్నాడు. ఇంక ఆయన సంబరం చూడాలి! తోటలో కనపడినవాళ్ళందరి చెవి దగ్గరా ఆ ఫోను పెట్టేవాడు. "బిడ్డ కాదురా, ఆయిల్ ఇంజను పుడుతోంది నీకు" అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు.

ఆ రోజే డాక్టరమ్మ నాతో, "కదలికలు తగ్గితే ఒక్క పూట కూడా ఆగొద్దు. వచ్చి సీటీజీ తీయించుకో, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో తెలుస్తుంది" అని చెప్పింది. తలూపాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయనతో అన్నాను. "ఏమయ్యా, బిడ్డ పొద్దుట్నుంచీ సరిగ్గా కదలట్లేదు. నాకు భయంగా ఉంది."

ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు. పక్కనే ఉన్న మా అత్తయ్య, "నెలలు నిండాక లోపల చోటు చాలక అట్టాగే మెదలకుండా ఉంటారే. కంగారు పడమాకు" అంది. ఆయన ఫోను తీసి ఆ రికార్డింగు పెట్టి నా చేతికిచ్చాడు. "ఇదిగో, విను. ఇంత గట్టిగా కొట్టుకునే గుండెకి ఏమవుద్ది? సాయంత్రం లారీకి లోడెత్తగానే బండి మీద తీసుకెళ్తా."

విన్నాను. నిజం చెబుతున్నాను, మనసు కుదుటపడింది. అది మూడు వారాల కిందటి చప్పుడని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. కాయ చేత్తో పట్టుకుంటే ఇవాళ కోసిందో నిన్న కోసిందో చెప్పేదాన్ని. ఆ వేళ నా బుద్ధి గడ్డి తింది.

లోడెత్తేసరికి చీకటి పడింది. పొద్దున్నే వెళ్దాంలే అనుకుని, పడుకునే ముందు ఇంకోసారి విన్నాం. తెల్లారేసరికి నొప్పులు మొదలయ్యాయి.

ఆస్పత్రిలో పొట్టకి రెండు బెల్టులు కట్టి సీటీజీ పెట్టారు. ఒకటి నొప్పులకి, ఒకటి బిడ్డ గుండెకి. ఆ చప్పుడు ఫోనులో చప్పుడులా లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా నెమ్మదించేది. నొప్పి పోయాక కూడా వెంటనే తేరుకునేది కాదు. నూట ముప్పై నుంచి తొంభై, ఎనభై. నేను ఆ అంకెలే చూస్తూ "లే తల్లీ, లే" అని గొణుక్కున్నాను. సిస్టర్ నన్ను ఎడమపక్కకి తిప్పి డాక్టరమ్మని పిలిచింది.

డాక్టరమ్మ సీటీజీ కాగితం చూసి, "కదలికలు ఎప్పట్నుంచి తగ్గాయమ్మా?" అంది.

"నిన్న పొద్దుట్నుంచండి."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "బేబీకి ఆక్సిజన్ సరిగా అందట్లేదు. ఎమర్జెన్సీ సిజేరియన్ చేయాలి" అని అప్పటికప్పుడు థియేటర్‌లోకి తీసుకెళ్ళారు.

ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఏడవలేదు. ఊపిరికి ట్యూబు వేసి విజయవాడలో పసిపిల్లల ఎన్‌ఐసీయూకి పంపారు. మా ఆయన వెంట వెళ్ళాడు, నేను కుట్లతో నూజివీడులోనే ఉండిపోయాను. మూడో రోజు పొద్దున ఆయన తెల్లగుడ్డలో చుట్టిన పిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. దాన్ని ఎత్తుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. అప్పుడే పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. ఆ పాలు ఎవరికివ్వను?

డిశ్చార్జి రోజు డాక్టరమ్మని అడిగాను. "కదలికలు తగ్గిన రోజే వచ్చుంటే బతికేదాండి?"

"ఖాయంగా చెప్పలేనమ్మా. ఛాన్స్ మాత్రం ఉండేది."

ఇది జరిగి రెండేళ్ళయింది. ఇప్పుడు నాకు మళ్ళీ ఏడో నెల. మొన్న సిస్టర్ డాప్లర్ పెట్టినప్పుడు మా ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. భోజనం అయ్యాక పక్కకి పడుకుని కదలికలు లెక్కపెట్టుకుంటున్నాను. నాలుగు రోజుల కిందట తక్కువనిపిస్తే పని వదిలేసి వెళ్ళి సీటీజీ తీయించుకున్నాను. అంతా బాగుందన్నారు.

కడుపుతో ఉన్న చెల్లెళ్ళకి నేను చెప్పేది ఒకటే. కదలిక తగ్గిందనిపిస్తే ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళండి. పని ఆగుతుందన్నా, పెద్దవాళ్ళు మామూలేలే అన్నా, ఇంట్లో ఎవరు ఏ చప్పుడు వినిపించినా ఆగకండి. ఏమీ లేదని పంపేస్తే నవ్వుకుంటూ తిరిగి రండి.

ఆ రికార్డింగు తీసేస్తానని మా ఆయన ఒకసారి కూర్చున్నాడు. నేను ఫోను లాక్కున్నాను. మా అమ్మాయి ఒక్కసారైనా ఏడవకుండానే పోయింది. మేము విన్న దాని గొంతు ఆ నలభై సెకన్లే.