వణికింది సత్యవేణి చెయ్యి కాదు

సత్యవేణి పేరు మీద పదిహేడు తప్పులు రాశారు. ఒక్కటీ ఆమెది కాదు. ఇన్నేళ్ల తర్వాత ఈ మాట రాస్తున్నా నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

పద్మారావు నగర్‌లో ఒక మందుల షాపు పై అంతస్తులో ఉండేది మా ఆఫీసు. అమెరికా డాక్టర్లు నోటితో చెప్పి పంపే కేసు వివరాలను టైపు చేసి తిరిగి పంపేవాళ్లం. 2006లో సికింద్రాబాదులో ఏ సందులోకి తిరిగినా ఇలాంటి ఆఫీసు ఒకటి కనబడేది. నేను స్పెల్లింగులు దిద్దేవాణ్ణి. సత్యవేణిది ఆఖరి పని. జాబితాలో రోగి పేరు నొక్కి, రిపోర్టును ఆ పేరుకు జతచేసి పంపాలి.

ఆమె శ్రీకాకుళం నుంచి పెళ్లయి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడింది. పద్దెనిమిదేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పింది. కంప్యూటర్లు వచ్చి అది మూతపడితే, నలభై ఆరేళ్ల వయసులో మా దగ్గర చేరింది. ఆరు నెలలు పని చూసి పర్మనెంటు చేస్తామన్నారు.

ఐదో నెలలో మా యజమాని బిక్షం గారు వాస్తు పండితుణ్ణి పిలిపించారు. రిపోర్టులు పంపే యంత్రం ఆగ్నేయంలో ఉండాలని ఆయన తేల్చాడు. దాంతో సత్యవేణి కంప్యూటరు సీపీయూను తీసుకెళ్లి ఆగ్నేయ మూలన, ఇనప బీరువా వెనక దూర్చారు. ఆమెను మాత్రం కదపలేదు. ఉత్తర ముఖంగా కూర్చున్న మనిషిని కదపకూడదట. తెరకూ కీబోర్డుకూ పొడుగు వైర్లు వేశారు. మౌస్‌కు ఆ తంటా ఎందుకని వైరు లేనిది కొని, దాని సంకేతం అందుకునే చిన్న ముక్కను సీపీయూకు గుచ్చి, కుంకుమబొట్టు పెట్టి ఇచ్చారు.

మర్నాటి నుంచే తెర మీద బాణం గుర్తు ఆగిపోవడం, ఉన్నట్టుండి దూకడం. ఒక పేరు నొక్కితే కింది పేరు మీద పడేది. ఎవరిదో గుండెజబ్బు రిపోర్టు మోకాలి నొప్పి మనిషికి చేరింది.

ఆమె బ్యాటరీలు మార్చింది. మౌస్ అడుగున ఎర్రగా వెలిగే కన్ను తుడిచింది. మోండా మార్కెట్ నుంచి కొత్త ప్యాడ్ తెచ్చుకుంది. అయినా అంతే. సూపర్‌వైజరు వేణుమాధవ్ తప్పుల కాగితంలో, కారణం అన్న గడిలో, 'ఆపరేటర్' అని రాసుకుంటూ పోయాడు. ఒకరోజు అందరి ముందూ అననే అన్నాడు.

"ఏందాంటీ, రోజూ గిదే తక్లీఫ్. మౌస్ కొత్తది. మీ చెయ్యే వణుకుతుంది. ఏజ్ గదా, జెర డాక్టర్‌కు చూపించుకోండ్రి."

ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. నోరూ విప్పలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

సత్యవేణి లేచింది. పక్కసీటు ఊర్మిళను తెర చూస్తూ ఉండమంది. ఒక అట్ట మీద మౌస్ పెట్టి జరుపుతూ, ఆగ్నేయ మూల వైపు ఒక్కో అడుగూ నడిచింది. ఆగిందనీ, దూకిందనీ ఊర్మిళ చెబుతూ పోయింది. బీరువా దాటి చెయ్యి వెనక్కి చాపగానే ఊర్మిళ గొంతు మారింది.

"అక్కా, ఇప్పుడు సక్కగ పోతుంది. నీళ్లలెక్క పోతుంది."

వెనక్కి వస్తే మళ్లీ దూకింది. సత్యవేణి నాలుగుసార్లు అలా నడిచి చూపించింది. ఈలోగా బిక్షం గారు కూడా తన గదిలోంచి వచ్చి నిలబడ్డారు.

"ఏటి బాబూ, నా సెయ్యి అక్కడ వణికి ఇక్కడ వణకట్లేదేటి?" అని వేణుమాధవ్‌ను అడిగింది. గొంతు పెంచలేదు. "ఆ బీరువా ఎనక్కి ఒకపాలి తొంగి సూడ్డానికి నీకు ఒళ్లు వొంగలేదు. నా వయసు మాత్తరం కనబడిపోయింది."

సీపీయూను కదిపే మాట పండితుణ్ణి అడిగాకే అన్నారు బిక్షం గారు. ఆమె తన బల్లనే లాగడం మొదలుపెట్టింది. ఊర్మిళ ఒక పక్క పట్టింది, నేనొక పక్క పట్టాను. బీరువా అవతలికి లాగి, గోడకు ఎదురుగా వేసుకుంది. ఉత్తర ముఖం పోయిందని బిక్షం గారు గొణుగుతూ ఉండిపోయారు.

సాయంత్రం దాకా ఒక్క తప్పూ పడలేదు. ఇంటికి వెళ్లేముందు పాత తప్పులు కొట్టేయమని అడిగింది. అది రికార్డు, కుదరదన్నాడు వేణుమాధవ్. ఆ కాగితం అతని చేతిలోంచి లాక్కుని, 'ఆపరేటర్' అన్న ప్రతిచోటా కొట్టేసి 'బీరువా' అని రాసింది. పక్కన సంతకాలు చేసి బిక్షం గారి ముందు పెట్టింది.

నెల తర్వాత పర్మనెంటు ఉత్తరం ఇచ్చారు. రెండుసార్లు చదివి, తప్పు మాదే అన్న ముక్క ఇందులో ఎక్కడా లేదేమని నన్ను అడిగింది. ఆ తర్వాత పదకొండేళ్లు అక్కడే పనిచేసింది. వేణుమాధవ్ రోజూ నమస్తే చెప్పేవాడు. ఆమె ఒక్కనాడూ తల తిప్పలేదు.